విశాఖ ఒడ్డున దాగుడుమూతలు

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! నంద్యాల, ఆళ్ళగడ్డ వాళ్ళం, మనకు సముద్రంతో పనేమిటి అంటారేమో. నిజమే, మనం ఎరిగిన నీళ్ళు కుందూ నదీ, కె.సి. కాలువానూ. అయినా 1971లో విశాఖ దగ్గర యుద్ధనౌకలు ఆడిన దాగుడుమూతల్లో మన ఆడవాళ్ళకు బాగా తెలిసిన విద్య ఒకటుంది. అందుకే ఈ కథ చెబుతున్నాను.

అప్పుడు మనకున్న ఒకే ఒక విమానవాహక నౌక విక్రాంత్. దాని బాయిలర్‌లో పగులు ఉండటంతో పూర్తి వేగంతో వెళ్ళలేదు. దాన్ని ముంచాలని నవంబరు నడిమిలో కరాచీ నుంచి ఘాజీ అనే జలాంతర్గామి బయలుదేరింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కట్టిన సబ్‌మెరైన్ అది. 1963లో పాకిస్తాన్‌కు ఇచ్చారు. నీటి అడుగున నక్కి వచ్చేదాన్ని ఎక్కడని వెతకడం?

తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్‌కు పంపించేశారు. సర్వీసు నుంచి తప్పించబోతున్న పాత నౌక రాజ్‌పుత్‌ను విశాఖ దగ్గర తిప్పుతూ, విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్ వార్తలు పంపించారు. అంతటితో ఆగలేదు. బజారులో మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డరు చేశారు. విక్రాంత్‌లో ఉన్న నావికుడొకడు, జబ్బుతో ఉన్న తల్లి క్షేమం అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం ఒకటి ఇప్పించారు.

చూశారా! పక్కింటివాళ్ళు బుట్టెడు వంకాయలు కొంటే, చుట్టాలు దిగారని మనం అడగకుండానే తెలుసుకోమూ? వేగులవాళ్ళూ అలాగే లెక్క కడతారని ఆయన ఊహ. మన అహోబిలం కథలో హిరణ్యకశిపుడు లేడనుకున్నచోట స్వామి ఉన్నాడు. ఇక్కడ ఘాజీ ఉందనుకున్నచోట విక్రాంత్ లేదు!

డిసెంబరు 3 సాయంత్రం యుద్ధం మొదలైంది. ఆ రాత్రి విశాఖ రేవు దాటి వెళుతున్న రాజ్‌పుత్, నీళ్ళల్లో ఏదో కదలిక ఉందని తోచి, లోతున పేలే బాంబులు వేసింది. అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు వినబడి, ఒడ్డున ఇళ్ళ కిటికీ అద్దాలు అదిరాయి. తరవాత జాలర్లకు నీళ్ళమీద తేలుతున్న వస్తువులు దొరికాయి. ఘాజీ మునిగిపోయింది. మన బాంబులవల్లనే అని మనవాళ్ళూ, తాను పరచిన మందుపాతరే పేలిందని పాకిస్తాన్‌వాళ్ళూ చెబుతారు. అది నేటికీ తెగని వాదమే.

లోపలున్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. ఆ సంతోషం మనకూ ఎన్నాళ్ళో నిలవలేదు. డిసెంబరు 9న డయ్యూ దగ్గర హంగోర్ అనే మరో పాకిస్తాన్ జలాంతర్గామి మన ఖుక్రీని ముంచింది. కెప్టెన్ ముల్లాతో కలిపి 194 మంది పోయారు. ఈసారి వేటాడబోయినవారే వేటకు చిక్కారు.

విశాఖ వెళ్ళినప్పుడు బీచి రోడ్డులో 1971 విజయ స్మారకం చూడండి. మన ఊరు, మన రేవు నిలిచాయని గర్వపడండి, తప్పు లేదు. అయితే ఆ టెలిగ్రాంను కూడా ఒకసారి తలుచుకోండి. అందులో జబ్బుపడిన తల్లి ఉత్తుత్తిదే. కానీ కొడుకు క్షేమం కోసం గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లులు కరాచీలోనూ ఉన్నారు, మన దేశంలోనూ ఉన్నారు. వాళ్ళకు ఏ టెలిగ్రాం వచ్చి ఉంటుందో, తల్లులం మనకు వేరే చెప్పాలా?