ఉరిమే మబ్బుకు ఆవలి వైపు



ఆకాశం కారుమబ్బు కమ్మి ఒక్కసారిగా ఉరిమితే, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లలను దగ్గరకు తీసుకుని అర్జునుడి పేర్లు తలచుకోమంటారు. మీరు బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, రాయగడలో ఉన్నా, యానాంలో ఉన్నా ఈ అలవాటు ఎరిగినవారే. మెరుపు మబ్బులో పుడుతుందనీ, నేలను తాకితే అదే పిడుగనీ మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. అయితే ఆ మబ్బుకు పైన, మనకు కనిపించని వైపున ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ నూరేళ్ళ కథే ఈనాటి ప్రసంగం.

1886లోనే ఇంగ్లండులోని 'నేచర్' పత్రికలో, మబ్బుల పైభాగం నుంచి ఆకాశంలోకి లేచే వింత వెలుగుల గురించి కొందరు రాశారు. ఆ తరువాత విమానాలు వచ్చాయి. రాత్రివేళ ఉరుముల మబ్బులను దూరం నుంచి చూస్తూ పోయే పైలట్లకు ఈ వెలుగులు అప్పుడప్పుడు కనిపించేవి. కాని అది రెప్పపాటు కూడా నిలవని వెలుగు. పక్కనున్నవాడికి చూపేలోగానే మాయమయ్యేది. చెబితే నమ్మరని, నవ్వుతారని, చాలామంది చెప్పడానికే జంకారు. అమెరికాలో బెర్నార్డ్ వోనెగట్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు ఇలాంటి సాక్ష్యాలను ఓపికగా సేకరించాడు. అయినా ఫొటో లేని మాట మాటగానే మిగిలింది.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఇలాంటిది ఉండాలని లెక్క కట్టి చెప్పిన పెద్దమనిషి అప్పటికే ఒకరున్నారు. ఆయన స్కాట్లండుకు చెందిన సి. టి. ఆర్. విల్సన్. క్లౌడ్ ఛాంబర్ అనే పరికరాన్ని కనిపెట్టి 1927లో నోబెల్ బహుమానం అందుకున్న శాస్త్రజ్ఞుడు. ఆయన వాదన ఇది. ఉరుముల మబ్బు పైన విద్యుత్ బలం ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఆ బలం తగ్గుతుంది. కాని గాలి అంతకంటే వేగంగా పలచబడుతుంది. గాలి ఎంత పలచనైతే, దానిలో విద్యుత్తు పారడానికి అంత తక్కువ బలం చాలు. కనుక ఒకానొక ఎత్తున, బలం తక్కువే అయినా, గాలి తట్టుకోలేక వెలుగు పుట్టాలి. 1920ల నడుమ ఆయన ఈ మాట చెప్పాడు. 1959లో కన్నుమూశాడు. తన లెక్క నిజమని రుజువు చేసే చిత్రాన్ని చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఆ చిత్రం దొరికింది అనుకోకుండా. 1989 జూలై మొదటివారంలో ఒక రాత్రి, అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వింక్లర్, తన సహచరులు రాబర్ట్ ఫ్రాంజ్, రాబర్ట్ నెమ్‌జెక్‌లతో కలిసి, మసక వెలుతురులో కూడా పనిచేసే టీవీ కెమెరాను పరీక్షిస్తున్నాడు. అది రాకెట్టులో పంపవలసిన కెమెరా. దిగంతాన ఎక్కడో దూరంగా గాలివాన. తరువాత టేపు వేసి చూస్తే, మబ్బుల పైన నిలబడిన రెండు వెలుగు స్తంభాలు! మెరుపును వెతుకుతూ వెళ్ళినవాళ్ళకు కాదు, మరో పనిమీద ఉన్నవాళ్ళకు అది చిక్కింది. ఆ తరువాత అంతరిక్ష నౌకల్లో తీసిన పాత వీడియో టేపులను తిరగేస్తే, వాటిలోనూ ఇలాంటి వెలుగులు కనిపించాయి. టేపుల్లో ఉన్నాయి. చూసినవారే లేరు!

ఇక అక్కడినుంచి పని జోరందుకుంది. 1993లో కొలరాడోలోని యక్కా రిడ్జ్ నుంచి వాల్టర్ లైయన్స్ ఒక్క రాత్రిలోనే వందలకొద్దీ వెలుగులను చిత్రించాడు. 1994లో అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిస్ సెంట్‌మన్, యూజీన్ వెస్కాట్ విమానాలలో వెళ్ళి రంగుల్లో తీశారు. అప్పుడు తెలిసింది అవి ఎర్రనివని. పైనున్న నత్రజని వెలిగితే వచ్చే ఎరుపు అది. సెంట్‌మన్ వాటికి స్ప్రైట్ అని పేరు పెట్టాడు. ఆ పేరు వినగానే మీకు కూల్‌డ్రింకు గుర్తుకు రావచ్చు. ఆయన తలచుకున్నది షేక్‌స్పియర్ నాటకాల్లో కనిపించి మాయమయ్యే చిట్టి భూతాలను. అసలు సంగతి తేలకుండా, ఇది ఫలానా అని చెప్పే పేరు పెట్టకూడదని ఆయన ఉద్దేశం.

అసలు సంగతి తేలవలసింది ఇంకా ఉంది. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. అమెరికాలో మామూలు వీడియో కెమెరా సెకనుకు ముప్ఫై బొమ్మలు తీస్తుంది. స్ప్రైట్ బతుకంతా ఒక్క బొమ్మలోనే, అంటే సెకనులో ముప్ఫయ్యో వంతులోనే, ముగిసిపోవచ్చు. చీకట్లో కొరివికట్టెను గిరగిర తిప్పితే మనకు నిప్పుచక్రం కనిపిస్తుంది కదా! అక్కడ చక్రం లేదు, కదిలే ఒక్క నిప్పుకణిక మాత్రమే ఉంది. దీనినే మన పెద్దలు అలాతచక్రం అన్నారు. స్ప్రైట్ విషయంలోనూ మొదట మనం చూసింది అలాతచక్రమే.

2005 వేసవిలో మాథ్యూ మెక్‌హార్గ్, హాన్స్ స్టెన్‌బెక్ నీల్సన్, వారి సహచరులు న్యూ మెక్సికోలో సెకనుకు పదివేల బొమ్మలు తీసే కెమెరాను ఎక్కుపెట్టారు. అదే వేసవిలో స్టీవెన్ కమ్మర్ బృందం యక్కా రిడ్జ్‌లో సెకనుకు ఐదువేలకు పైగా తీసింది. చూస్తే, స్తంభాలు అనుకున్నవి స్తంభాలే కావు! ప్రధానంగా అవి పరుగెత్తే వెలుగు చుక్కలు. అవి సుమారు 75, 80 కిలోమీటర్ల ఎత్తున పుట్టి, చీలికలై ముందు కిందికి దూకుతాయి. ఆ తరువాతే మరికొన్ని పైకి ఎగబాకుతాయి. వాటి వేగం కాంతి వేగంలో పదో వంతు దాకా ఉంటుంది. అంటే పదివేల బొమ్మల కెమెరాలో కూడా, ఒక బొమ్మకూ మరో బొమ్మకూ నడుమ ఆ చుక్క మూడు కిలోమీటర్లు దాటిపోతుంది. మబ్బునుంచి పైకి లేచే మెరుపు అని తొలినాళ్ళలో రాసినవారు కూడా దిద్దుకోవలసి వచ్చింది. కింద మబ్బునుంచి ధనావేశాన్ని నేలకు దించే పెద్ద పిడుగు పడగానే, పైన విద్యుత్ బలం క్షణకాలం ఎగిసి, ఈ వెలుగు పుడుతుంది. విల్సన్ లెక్క నిలబడింది.

ఈ కథలో మన దేశానికీ ఒక కన్నీటి బంధం ఉంది. 2003 జనవరి 16న బయలుదేరిన కొలంబియా నౌకలో మన కల్పనా చావ్లా ఉన్నారు. ఆమె సహయాత్రికుడు, ఇజ్రాయెల్‌కు చెందిన ఇలాన్ రమోన్ పాల్గొన్న ఒక ప్రయోగంలో ఆ నౌకనుంచి స్ప్రైట్లను చిత్రించారు. ఫిబ్రవరి 1న ఆ నౌక ఏడుగురితో సహా కూలిపోయింది. అయితే వారు తీసిన చిత్రాలలో కొన్ని అంతకుముందే భూమికి చేరాయి. వాటిని శాస్త్రజ్ఞులు అధ్యయనం చేశారు. మనుషులు తిరిగి రాలేదు, వాళ్ళు చూసినది మాత్రం మనకు చేరింది.

శ్రోతలారా, ఈ చరిత్ర మనకు రెండు మాటలు చెబుతోంది. ఒకటి, చూశానని ఒక మనిషి చెబితే, నవ్వి కొట్టిపారేయకూడదు. ఆ పైలట్లు అబద్ధం చెప్పలేదు. రెండవది, కంటితో చూశాము కదా అని అదే చివరిమాట అనుకోకూడదు. కంటికి కనిపించిన స్తంభం, కెమెరాకు పరుగెత్తే చుక్క అయింది.

నెత్తిమీద ఉరుముతున్నప్పుడు స్ప్రైట్ కోసం చూడకండి, ఇంట్లోనే ఉండండి. మీ ఊళ్ళో ఆకాశం తేటగా ఉండి, రెండు మూడు వందల కిలోమీటర్ల దూరాన పెద్ద గాలివాన కురుస్తున్న చీకటి రాత్రి, దిగంతాన మబ్బులకు చాలా పైగా చూపు నిలపండి. రెప్పపాటులో ఒక మసక ఎరుపు తోచవచ్చు. తోస్తే, పక్కనున్నవారికి జంకకుండా చెప్పండి.