దస్త్రాల్లో దొరకని తాత

"మీరు ముందు ఎక్కణ్ణించొచ్చారు?"

జగ్గయ్యపేటలో పుట్టి పెరిగిన మమ్మల్ని ఈ మాట అడగనివాళ్ళు తక్కువ. 1992 డిసెంబరు తర్వాత అడిగే గొంతు మారిందని మా పెద్దలంటారు. ఆ మాటకొస్తే ఈ వూరు ఒకప్పుడు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెడితే జగ్గయ్యపేటయింది. వూరిని మాత్రం ఎవరూ అడగరు.

సరే, మేమే వెతుకుదామనుకున్నాం. ఇంట్లో చెప్పుకునేది ఇంతే: మా తాతల తాత దూదేకే విల్లు భుజాన వేసుకుని, నైజాం ఇలాకా నుంచి మునగాల మీదుగా వచ్చాడు. మునగాల పరగణా చుట్టూ నైజామే, అదేమో అప్పట్లో కంపెనీవారి, తర్వాత దొరతనంవారి కృష్ణా జిల్లా నందిగామ తాలూకా. సరిహద్దు ఎన్నిసార్లు దాటాడో ఆయనకే తెలిసివుండదు.

దస్త్రంలో పేరుండాలంటే భూమి వుండాలి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ లెక్కల్లో మసీదు మాన్యాలూ ఖాజీ మాన్యాలూ వున్నాయి. దూదేకేవాడికి మాన్యం ఎవరిస్తారు? ముక్త్యాల లాంటి జమీందారీల్లో సర్కారు సెటిల్‌మెంటు జరిగింది 1948 చట్టం వచ్చాకే. 1871 జనాభా లెక్కలు తలల్ని లెక్కపెట్టాయి, పేర్లు మిగల్చలేదు. ఇక చావుపుట్టుకల రిజిస్టరు. నాగూరు దర్గా మీద భక్తితో పెట్టుకునే నాగుల్‌మీరా పేరు మా వైపు వీధికి నలుగురికుంటుంది. అందులో మా తాత ఎవరని వేలు పెట్టి చూపించేది?

పేరు దొరకలేదు, పని దొరికింది. 1909 నాటి థర్‌స్టన్ సంపుటాల్లో 'దూదేకుల' ఒక కులం. ఈనాటి బీసీ జాబితా 'బి' గ్రూపులో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని వరసగా వున్నాయి. లద్దాఫ్ అంటే అరబీ 'నద్దాఫ్' అని ఉర్దూ నేర్చుకున్నాకే తెలిసింది. దూదేకేవాడనే అర్థం. పింజారి అన్నా అదే.

ఆ ఉర్దూ కూడా మేం పెద్దయ్యాక నేర్చుకున్నదే. ఇంట్లో తెలుగే. అందుకని ఉర్దూ సాయిబులు మమ్మల్ని సగం ముసల్మాన్లుగా చూశారు, పిల్లనివ్వడానికి వెనకాడారు. పరాయివాళ్ళని వేలెత్తేటప్పుడు మాత్రం మేం పూర్తి తురకలమే.

మిల్లులొచ్చాయి, ఫోము పరుపులొచ్చాయి. అటక మీది విల్లుకు నరం ఎప్పుడో తెగిపోయింది. 2022 ఏప్రిల్‌లో జగ్గయ్యపేట, నందిగామ కృష్ణా నుంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలో కలిశాయి. పిల్లల కుల ధ్రువపత్రాల మీద జిల్లా పేరు మారింది. కులం దగ్గర అదే మాట: దూదేకుల.