మీసోథీలియోమా: రోగనిర్ధారణ చరిత్ర

ఊపిరితిత్తులు, పొట్టలోని అవయవాలు, గుండె చుట్టూ ఉండే పలుచని పొరల్లో పుట్టే క్యాన్సర్ మీసోథీలియోమా. ఎక్కువగా ఊపిరితిత్తుల పొర అయిన ప్లూరాలో వస్తుంది. ప్రధాన కారణం ఆస్బెస్టాస్, అంటే రాతినార. దాని నూగు పీల్చాక జబ్బు బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.

చరిత్ర

1931లో క్లెంపరర్, రాబిన్ అనే వైద్యులు ప్లూరా కణుతులను ఒకేచోట ఉండేవి, పొరంతా పాకేవి అని విడదీశారు. అయినా మీసోథీలియోమా వేరే అవయవం నుంచి పాకిన క్యాన్సరేనని వాదించేవారు చాలాకాలం ఉన్నారు. 1960లో వాగ్నర్, స్లెగ్స్, మార్చండ్ అనే వైద్యులు దక్షిణాఫ్రికాలో 33 కేసులను పరిశీలించి, వాటికి రాతినారలో ఒక రకమైన నీలి రాతినారతో ఉన్న సంబంధాన్ని చూపారు.

నిర్ధారణ

రోగి తరచుగా ఆయాసంతో, ఛాతీలో నీరు చేరి వస్తాడు. ఆ నీటిలోని కణాలు ఒక్కోసారి దారి చూపుతాయి. అయితే వాపు వల్ల రేగిన మామూలు కణాలు కూడా క్యాన్సర్ కణాల్లాగే కనిపించవచ్చు. అందుకే ఛాతీలోకి గొట్టం కెమెరా పంపి చూసే థొరాకోస్కోపీతో పొర ముక్క తీస్తారు. కణాలు పొర దాటి కొవ్వులోకి చొచ్చుకుపోతే అది బలమైన ఆధారం. సూక్ష్మదర్శినిలో ఎపిథీలియాయిడ్, సార్కొమటాయిడ్, రెండూ కలిసిన బైఫేసిక్ అనే మూడు రకాలు కనిపిస్తాయి.

ఎపిథీలియాయిడ్ రకం ఊపిరితిత్తిలో పుట్టే అడినోకార్సినోమా అనే క్యాన్సర్‌ను పోలి ఉంటుంది. ఆ చిక్కు విప్పడానికి మొదట మ్యూకస్ రంగుల పరీక్షలు, తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తోడ్పడ్డాయి. 1990ల నుంచి, యాంటీబాడీలతో కణాల్లోని ప్రొటీన్లను గుర్తించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ ప్రధాన సాధనమైంది. కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 అనే ప్రొటీన్ మార్కర్లు పాజిటివ్‌గా, టీటీఎఫ్1, క్లాడిన్4 అనేవి నెగటివ్‌గా వస్తే మీసోథీలియోమా వైపు మొగ్గుతారు. ఏ ఒక్క మార్కరూ చాలదు. కణాల్లో బీఏపీ1 లేదా ఎంటీఏపీ ప్రొటీన్ మాయమైతే అవి క్యాన్సర్ కణాలేనని చెప్పవచ్చు. ఈ ఆధారాలతోనే, పొర దాటకముందున్న తొలి దశను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో చేర్చింది.

తెలుగు నేలలో

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో మరో రకమైన తెల్ల రాతినార గనులు నడిచాయి. 1946లో ఏర్పడిన హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ సంస్థ సనత్‌నగర్‌లో సిమెంటు రేకులు తయారుచేసింది. రాతినార కార్మికుల వైద్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పాత కొలువు వివరాలే క్యాన్సర్‌ను నిర్ధారించలేవు. కానీ ఏ పరీక్షలు చేయాలో అవి సూచిస్తాయి. రాతినార గనిలోగాని, రేకుల కర్మాగారంలోగాని ఎప్పుడైనా పనిచేసినవారు ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.