జంతుప్రతిమల కాలనిర్ణయం: చైనా జేడ్, ఆసిఫాబాద్ డోక్రా

ఆసిఫాబాద్ ప్రాంతంలోని ఉషేగాం ఓజా కళాకారుల ఇత్తడి ప్రతిమల ప్రస్తావన రాగానే మొహెంజొదారో నర్తకిని స్మరించడం ఆనవాయితీ అయింది. రెండింటికీ మైనం కరిగించి లోహం పోసే పద్ధతే ఆధారం కనుక పోలిక సహజమే. అయితే పద్ధతి ప్రాచీనమైనంత మాత్రాన వస్తువు ప్రాచీనం కాదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రాపై జరిగే చర్చలో ఈ రెండూ తరచుగా కలిసిపోతున్నాయి.

ఈ చిక్కును చైనా జేడ్ జంతుప్రతిమల అధ్యయనం ముందే ఎదుర్కొంది. నెఫ్రైట్ శిల గట్టిదనం మోస్ కొలతలో 6 నుంచి 6.5. కంచు పనిముట్టు దానిని నేరుగా కోయలేదు. గట్టి ఇసుకను నీటితో కలిపి ఓపికగా అరగదీయవలసిందే. శిల వయస్సు శిల్పం వయస్సును చెప్పదు. అందువల్ల పరిశోధకులు రాపిడి గీతలను, రంధ్రాల ఆకృతిని, ఉపరితలంలోని మార్పులను, అన్నింటికంటే ముఖ్యంగా లభించిన చోటును పరిశీలిస్తారు. లభించిన చోటు కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. 1976లో అన్‌యాంగ్‌లో బయటపడిన షాంగ్ రాణి ఫూ హావో సమాధి క్రీ.పూ. 1200 ప్రాంతానిది. దోపిడీకి గురికాని ఆ సమాధిలోని 755 జేడ్ వస్తువులలో అనేక జంతురూపాలున్నాయి. వాటితోపాటు అంతకు ఎన్నో శతాబ్దాల ముందటి హోంగ్‌షాన్ సంస్కృతి రీతిలోని వస్తువులూ లభించాయి. అంటే రాణి నాటికే అవి పురావస్తువులు! సమాధి కాలం వస్తువును భూమిలో ఉంచిన కాలాన్ని తెలుపుతుందే గాని, చెక్కిన కాలాన్ని కాదు.

డోక్రా విషయంలో సమస్య మరో రూపం దాలుస్తుంది. మట్టి అచ్చుపై మైనపు తీగలు చుట్టి, పైన మట్టి పూసి కాల్చగా మైనం కరిగిపోతుంది; ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి నిండుతుంది. పైమట్టిని పగులగొట్టి ప్రతిమను వెలికి తీస్తారు కనుక ఒక అచ్చుకు ఒకే ప్రతిమ. పాత పాత్రల లోహాన్ని కరిగించి వాడినప్పుడు లోహ విశ్లేషణ కూడా ప్రతిమ వయస్సును తేల్చలేదు. లోహం పాతదే, రూపం కొత్తది.

అయినా జేడ్‌కు లేని సౌలభ్యం ఒకటి డోక్రాకు ఉంది. బోలు ప్రతిమల లోపల కాలిన మట్టి మిగిలి ఉంటే, ఉష్ణదీప్తి పరీక్షతో అది చివరిసారి కాలిన కాలాన్ని అంచనా వేయవచ్చు. ప్రదర్శన కోసం మెరుగుపెట్టే తొందరలో సాధారణంగా మొదట గీకి పారేసేది ఆ మట్టినే.