పెద్దపీట, ఎత్తుపీట

ఇంటికి వచ్చిన పెద్దవారికి పీట వేయడం మన మర్యాద. ఒకరిని ఎక్కువగా గౌరవిస్తే వారికి పెద్దపీట వేసినారంటాము. వధూవరులను కూర్చోబెట్టేది పీటలమీదనే. కూర తరుగుకొనే సాధనానికి కూడ కత్తిపీట అనే పేరు. ఇంత పీటల వ్యవహారం ఉన్న మన ఇళ్ళలో ఎత్తైన పీటకు మాత్రం గౌరవస్థానం లేదు. పెద్దపీట అంటే వెడల్పైన పీటయే గాని ఎత్తైన పీట కాదు. అది నేలకు బెత్తెడు ఎత్తున ఉంటే చాలును. ఎత్తైన ముక్కాలిపీట అటకమీది జాడీని దించుకోవడానికో, గోడకు పటం తగిలించుకోవడానికో పనికివచ్చేది. పని కాగానే మూలకు చేరేది.

ఆ మూలనున్న పీట ఇప్పుడు ఇంటి నడుమకు వచ్చినది. హైదరాబాదులోను, విశాఖపట్నంలోను కట్టే కొత్త ఇళ్ళలో చాలావాటికి వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ ఉండడం లేదు. గోడ స్థానంలో రాతిపలక పరచిన ఎత్తైన గట్టు, దాని ముందు రెండు మూడు పొడుగుకాళ్ళ స్టూళ్ళు. దుకాణాలవారు వీటిలో కొంచెం పొట్టివాటిని కౌంటరు స్టూళ్ళనీ, పొడుగువాటిని బారు స్టూళ్ళనీ వ్యవహరిస్తారు. కొనబోయేవారు రంగు చూస్తారు, దిండు మెత్తదనం చూస్తారు, తిరుగుతుందా లేదా అని చేత్తో గిరగిర తిప్పి చూస్తారు. చూడవలసిన సంగతి మరొకటి ఉన్నది. అది తెలియాలంటే ఈ స్టూలు ఎక్కడినుంచి వచ్చినదో కొంత తెలియాలి.

స్టూలు అనే ఇంగ్లీషు మాటకు పూర్వం సింహాసనమనే అర్థం కూడ ఉండేది. ఫ్రెంచివారి వద్దనుంచి చైరు అనే మాట ఇంగ్లండుకు దిగుమతి అయిన తరువాత స్టూలు హోదా తగ్గి, వీపు ఆనించడానికి చెక్కలేని ఆసనానికి మాత్రమే ఆ పేరు మిగిలినది. ఆ కాలపు ఇంగ్లీషు ఇళ్ళలో కుర్చీ యజమానికి. తక్కినవారికి బల్లలు, స్టూళ్ళు. సభాధ్యక్షుని చైర్మన్ అనడం ఆ అలవాటునుంచి పుట్టినదే. ప్రాచీన రోములో మాత్రం వీపుచెక్క లేని మడతపీటయే అధికారచిహ్నం. దంతంతో అలంకరించిన ఆ పీటమీద కాన్సలు, ప్రీటరు వంటి ఉన్నతాధికారులకు తప్ప అన్యులకు కూర్చునే హక్కు లేదు.

ఫ్రాన్సు దేశపు రాజసభలో ఈ పిచ్చి పరాకాష్ఠకు చేరినది. 14వ లూయీ 1682లో తన ఆస్థానాన్ని వెర్సాయికి మార్చిన తరువాత, అక్కడి గొప్పింటి స్త్రీలు కలలు కన్నది మణుల కోసం కాదు, తాబురే అనే ఒక చిన్న మెత్తపీట కోసం. రాణీగారి సమక్షంలో ఆ పీటమీద కూర్చునే హక్కు డచెస్ పదవి గలవారికీ, అటువంటి మరికొందరికీ మాత్రమే ఉండేది. తక్కినవారు ఎంత ధనవంతులైనా, ఎంత వయసు మళ్ళినవారైనా నిలబడవలసిందే. చేతులకు ఆధారం లేని, వీపుకు ఆధారం లేని ఆ పీట కోసం జరిగిన తగవులను సెంట్ సైమన్ ప్రభువు తన స్మృతులలో ఎంతో శ్రద్ధగా వ్రాసిపెట్టినాడు. చదివితే నవ్వు వస్తుంది. కాని ఒకరి ఎదుట మరొకరు కూర్చోవచ్చునా లేదా అనే ప్రశ్న అంత తేలికగా నవ్వి వదలవలసినది కాదని ముందు చూస్తాము.

రాజసభలను విడిచి అంగడివీధికి వద్దాము. కౌంటరు అంటే మొదట లెక్కపెట్టే బల్ల. వర్తకుడు దానిమీద నాణేలు పరచి లెక్కించేవాడు. బారు అంటే అడ్డుకమ్మీ. అమ్మేవానికీ తాగేవానికీ నడుమనున్న అడ్డు. పందొమ్మిదవ శతాబ్దంలో లండను నగరపు మద్యశాలలలోను, అమెరికా సెలూన్లలోను ఈ అడ్డు పొడుగాటి బల్లగా పెరిగినది. దాని ఎత్తు నిలబడినవాని మోచేతి ఎత్తు. వచ్చినవారు నిలబడే తాగేవారు. అలసిన కాలు ఒకటి మార్చి ఒకటి ఆనించుకోవడానికి క్రింద ఒక ఇత్తడి కమ్మీ ఉండేది. బల్ల నిలబడినవారి కోసం కట్టినది కనుక, తరువాత దాని ముందు ఆసనం వేయవలసి వచ్చినప్పుడు ఆ ఆసనానికి కాళ్ళు పొడుగు చేయక తప్పలేదు. స్టూలు పొడుగు కావడానికి కారణం కూర్చునేవాడు కాదు, ఎదుటనున్న బల్ల. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే దుకాణంలో సగం పొరపాట్లు తప్పిపోతాయి.

అమెరికాలో మందుల దుకాణాలవారు సోడా, ఐస్‌క్రీము అమ్మడానికి పాలరాతి కౌంటర్లు పెట్టి, వాటి ముందు నేలకు బిగించిన ఇనుపకంబాలమీద గుండ్రని తిరుగుడు ఆసనాలు అమర్చినారు. చిల్లరసామానుల పెద్ద దుకాణాలు కూడ ఆ పద్ధతినే అనుసరించి లోపల ఫలహారపు కౌంటర్లు తెరిచినాయి. బజారుకు వచ్చినవారు ఎక్కి కూర్చుని, ఒక కప్పు కాఫీ తాగి, దిగి పోవచ్చును. ఇంతకన్న సామాన్యమైన ఆసనం, ఇంతకన్న ప్రజాసామాన్యమైన ఆసనం లేదనిపిస్తుంది. కాని ఆ దేశపు దక్షిణ రాష్ట్రాలలో అది అందరికీ కాదు.

ఉత్తర కరొలినా రాష్ట్రంలో గ్రీన్స్‌బరో అనే పట్టణం ఉన్నది. 1960 ఫిబ్రవరి 1వ తేదీ సాయంకాలం అక్కడి వుల్వర్త్ దుకాణంలోకి నలుగురు నల్లజాతి విద్యార్థులు ప్రవేశించినారు. ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్మండ్, ఫ్రాంక్లిన్ మెకేన్, జోసెఫ్ మెక్నీల్ అని వారి పేర్లు. నలుగురూ అప్పుడే కళాశాలలో చేరిన మొదటి సంవత్సరపు విద్యార్థులు. ముందుగా పళ్ళపేస్టు మొదలైన చిల్లర వస్తువులు కొని, రసీదులు జాగ్రత్తగా జేబులో పెట్టుకొన్నారు. తరువాత ఫలహారపు కౌంటరు వద్దకు పోయి, స్టూళ్ళమీద కూర్చుని కాఫీ అడిగినారు. ఇవ్వమన్నారు. ఆ కౌంటరు వద్ద మా డబ్బు పుచ్చుకొన్న దుకాణం ఈ కౌంటరు వద్ద మాకు కాఫీ ఎందుకు ఇవ్వదన్నదే వారి ప్రశ్న. దుకాణం మూసేవరకు ఆ నలుగురూ అక్కడే కూర్చున్నారు. ఆ స్టూలుమీద కూర్చున్న కొద్ది క్షణాలకే అంతకు ముందెన్నడూ ఎరుగని విముక్తి తనకు కలిగినదని మెకేన్ పెద్దవాడైన తరువాత చెప్పుకొన్నాడు.

మరునాడు ఇరవైమందికి పైగా వచ్చినారు. ఆ వారం ముగిసేసరికి వందలు. మార్చి నెలాఖరుకు 13 రాష్ట్రాలలో 55 పట్టణాలకు ఈ కూర్చునే ఉద్యమం ప్రాకినది. చొక్కా, టై ధరించి, పాఠ్యపుస్తకాలు ఎదుట పెట్టుకొని నిశ్శబ్దంగా కూర్చున్న పిల్లలమీద కొన్నిచోట్ల దుండగులు చేయి చేసుకొన్నారు. పోలీసులు మాత్రం దెబ్బలు తిన్నవారినే పట్టుకొనిపోయినారు. నాష్‌విల్ నగరంలో విద్యార్థులకు దెబ్బకు దెబ్బ తీయకుండా ఉండడం నేర్పినవాడు జేమ్స్ లాసన్. ఆయన 1953 మొదలు 1956 వరకు మన నాగపూరు హిస్లాప్ కళాశాలలో పనిచేసి, గాంధీమహాత్ముని సత్యాగ్రహ మార్గాన్ని ఇక్కడనే అధ్యయనం చేసి వెళ్ళినవాడు. నాష్‌విల్ కౌంటర్లు మే నెలలో తెరుచుకొన్నాయి. గ్రీన్స్‌బరో దుకాణంలో జులై 25వ తేదీన మొట్టమొదట కూర్చుని భోజనం చేసినవారు ఆ దుకాణపు నల్లజాతి ఉద్యోగులే. అప్పటివరకు ఆ కౌంటరుకు ఆవలివైపు నిలబడి పనిచేసినవారికి ఈవలివైపు స్టూలు దొరకడానికి ఇంత జరగవలసి వచ్చినది.

విచిత్రమేమంటే నిలబడడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. బ్యాంకులో, దుకాణంలో తెల్లవారు నల్లవారు ఒకే వరుసలో నిలబడేవారు. హారీ గోల్డెన్ అనే పత్రికారచయిత దీనిని కనిపెట్టి, కూర్చోవడమే చిక్కు గనుక బడులలో కుర్చీలన్నీ తీసివేస్తే సమస్య తీరిపోతుందని 1950వ దశకంలో ఎగతాళిగా సలహా చెప్పినాడు. 1960లో వర్జీనియా రాష్ట్రపు డాన్‌విల్ గ్రంథాలయం వారు న్యాయస్థానపు ఆజ్ఞవల్ల అందరినీ రానీయవలసి వచ్చి, నిజంగానే కుర్చీలు, బల్లలు తొలగించి తలుపులు తెరిచినారు. హాస్యం వ్రాసేవారికి ఇంతకన్న పరాభవం ఉండదు. ఫలహారశాలలలో ఈ భేదాన్ని దేశమంతటా నిషేధించే చట్టం 1964 జులైలో వచ్చినది. గ్రీన్స్‌బరో కౌంటరులో ఒక ముక్క, నాలుగు స్టూళ్ళతో సహా, ఇప్పుడు వాషింగ్టనులోని జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది.

అమెరికావారిని తప్పుపట్టి ఊరుకొనే వీలు మనకు లేదు. అంగళ్ళలో, ఫలహారశాలలలో కులాన్నిబట్టి ఎవరినీ అడ్డగించరాదని మన రాజ్యాంగపు 15వ అధికరణం 1950లోనే శాసించినది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం కూడ వచ్చినది. ఆ తరువాత కూడ మన తెలుగు పల్లెలలో ఎన్నింటనో టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి సాగినది. ఒక వర్గంవారికి లోపల బల్ల, ఇంకొక వర్గంవారికి వెలుపల నేల. వారి గ్లాసు చూరులో వేరుగా ఉండేది, తాగినవారే కడిగి పెట్టవలసి ఉండేది. టీ ఒకే గిన్నెలోనిదే.

కౌంటరుకు ఆవలివైపు సంగతి కూడ ఒకటి ఉన్నది. లండను దుకాణాలలో అమ్మకపు పనిచేసే స్త్రీలు ఉదయంనుంచి రాత్రివరకు నిలబడి కాళ్ళు వాచి బాధపడుతుంటే, 1899లో బ్రిటిషు పార్లమెంటు ముగ్గురు స్త్రీలకు ఒక ఆసనం చొప్పునైనా ఉంచితీరాలని చట్టం చేసినది. మన దేశంలో బట్టల దుకాణాల స్త్రీలు ఇదే కోరిక కోరి ఎంతో కాలం పోరాడిన మీదట కేరళ ప్రభుత్వం 2018లోను, తమిళనాడు ప్రభుత్వం 2021లోను కూర్చునే హక్కును చట్టంలో చేర్చినాయి. పట్టుచీర చూడడానికి వచ్చినవారికి మెత్తపీట, చీరలు విప్పి చూపేవారికి రెండు కాళ్ళు. ఇది మనమందరమూ చూస్తూ చూడని దృశ్యం.

ఇక ఇంటికి రావచ్చును. మన పాత వంటింట్లో పొయ్యి నేలమీద ఉండేది. వండేది కూర్చునే, తరిగేది కూర్చునే, రుబ్బేది కూర్చునే. పొగలో కళ్ళు మండేవి, ఊదుగొట్టంతో ఊదిఊది రొమ్ము నొచ్చేది. ఆ బాధలను ఎవరూ మళ్ళీ కోరరు. గ్యాసుపొయ్యి వచ్చి, నడుమెత్తు గట్టు వచ్చి పొగ తప్పినది. దానితోపాటు కూర్చునే వసతి కూడ పోయినది. బెత్తెడు పీటమీది ఇల్లాలు లేచి నిలబడినది, నిలబడే ఉన్నది. జర్మనీలో మార్గరెట్ షూట్టె లిహోట్స్కీ అనే స్త్రీ వాస్తుశిల్పి 1926లో ఫ్రాంక్‌ఫర్టు నగరపు కార్మికుల ఇళ్ళకోసం ఒక చిన్న వంటగదిని రూపొందించినది. సుమారు పదివేల ఇళ్ళలో అది అమరినది. అందులో కిటికీ క్రింద పని చేసుకొనే బల్ల, దాని ముందు ఒక తిరుగుడు స్టూలు. వెలుతురులో కూర్చుని కూరలు తరుగుకోవాలని ఆమె ఉద్దేశం. నేటి మన ఇళ్ళలో స్టూళ్ళు గట్టుకు ఈవలివైపు, అతిథుల వైపు వేస్తున్నారు. గట్టుకు ఆవల, పొయ్యివైపు ఒక్కటీ కానరాదు. కొనేవారు మొదట ఆలోచించవలసినది ఇదని నా అభిప్రాయం.

తరువాత కొలత. అమెరికావారి వంటగట్టు ఎత్తు సాధారణంగా 36 అంగుళాలు, బారు బల్ల 42 అంగుళాలు. ఆసనానికీ బల్ల పైభాగానికీ మధ్య 10 నుంచి 12 అంగుళాలు ఖాళీ ఉండాలి. అందుచేత కౌంటరు స్టూలు 24 నుంచి 26 అంగుళాలు, బారు స్టూలు 30 అంగుళాలు ఉంటుంది. మన మేస్త్రీలు కట్టే గట్టు చాలాచోట్ల 32 నుంచి 34 అంగుళాలే. దానిముందు 26 అంగుళాల స్టూలు వేస్తే తొడలు రాతికి ఒరుసుకొంటాయి. బారు స్టూలు వేస్తే మోకాళ్ళు గట్టుపైకి వస్తాయి. పేరు చూసి కొనక, ఇంటిగట్టును కొలుచుకొని, అందులో 11 అంగుళాలు తీసివేసి ఆ ఎత్తు స్టూలు అడగాలి. దొరకకపోతే వడ్రంగి చేత కాళ్ళు కోయించుకోవచ్చును. గట్టు క్రింద అలమారలు నిండా ఉంటే మోకాళ్ళకు చోటుండదు. పైరాయి కనీసం ఒక అడుగు ముందుకు చొచ్చుకొని ఉండాలి. ఒక్కొక్కరికి రెండడుగుల వెడల్పు విడవాలి.

ముక్కాలిపీటకు ఒక గుణం ఉన్నది: నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కదలదు. కాని ఎత్తు పెరిగినకొద్దీ ప్రక్కకు ఒరిగితే పడిపోతుంది. పొడుగు స్టూలుకు నాలుగు కాళ్ళు, అవి క్రిందికి విచ్చుకొని ఉండడం మేలు. చిన్నపిల్లలు, ముసలివారు ఉన్న ఇంట్లో గిరగిర తిరిగేది వద్దు, వీపుచెక్క ఉన్నది కావాలి. మోకాలికీ మడమకూ మధ్య ఎంత దూరమో ఆసనంనుంచి అంత క్రిందికి, అంటే సుమారు అడుగున్నర క్రిందికి, కాలుపెట్టుకొనే కమ్మీ ఉండాలి. అది లేకపోతే కాళ్ళు వేలాడి పావుగంటలో తిమ్మిరెక్కుతాయి. ఆ కమ్మీ కొయ్యదైతే త్వరలో అరిగి రంగు పోతుంది. దానిమీద ఇత్తడి రేకో స్టీలు రేకో తొడిగించడం మంచిది. సెలూనువారికి ఆ సంగతి ముందే తెలుసును.