సంత దారిలో సావుకారు, ఫోన్‌లో లాప్‌టాప్: మనల్ని మోసం చేసిన పద్ధతుల చరిత్ర



పోస్ట్ పెద్దదే. కానీ స్కాలర్‌షిప్ డబ్బులు పడగానే మనలో చాలామంది చేసే మొదటి పని తక్కువ ధరకి లాప్‌టాప్ ఎక్కడ దొరుకుద్దా అని వెతకడం. కాబట్టి ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మా హాస్టల్‌లో మా రూమ్ వాడే ఒకడు పోయిన ఏడాది మోసపోయాడు. పాత వస్తువులు అమ్మే యాప్‌లో లాప్‌టాప్ 11,500 అని పెట్టారు. బయట కొత్తది కొంటే దానికి మూడింతలు. అమ్మేవాడు ఆర్మీలో ఉన్నానన్నాడు, ట్రాన్స్‌ఫర్ అయింది కాబట్టి తొందరగా అమ్మేస్తున్నానన్నాడు. ఐడీ కార్డు ఫోటో పంపాడు, బిల్లు పంపాడు. బుకింగ్‌కి 1,500 అడిగాడు. తర్వాత కొరియర్ వాళ్లకి 2,999, మళ్లీ తిరిగి వస్తుందన్నాడు. ఆ తర్వాత టాక్స్ అని 3,500. మొత్తం 7,999 రూపాయలు వెళ్లాక నంబర్ ఆగిపోయింది. ఆ డబ్బులో సగం వాళ్లమ్మ చింతపండు, అడ్డాకులు అమ్మి పంపినవి.

అంతకంటే బాధ ఇంకోటి. వాడు మాకు ఆరో రోజున చెప్పాడు. ఆరు రోజులు అన్నం సరిగ్గా తినకుండా, సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా ఉన్నాడు. ఫిర్యాదు రాయించడానికి మేం నలుగురం కలిసి వెళ్తే అక్కడ ఒకాయన నవ్వి, "మీ గిరిజనులు అమాయకులు కదమ్మా, ఇలాగే మోసపోతారు" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, జాలిగానే అన్నాడు. కానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు. నిజంగా మనం అమాయకులం కాబట్టే మోసపోయామా? దీని గురించి లైబ్రరీలో కూర్చుని చదివాం, ఊళ్లో ముసలోళ్లని అడిగాం. తెలిసింది ఇక్కడ పెడుతున్నాం.

1879 దగ్గర మొదలుపెడదాం

రంప తిరుగుబాటు అంటే మనకి తమ్మన్నదొర గుర్తొస్తాడు, కల్లు మీద వేసిన పన్ను గుర్తొస్తుంది. అవి నిజమే. కానీ ఆ తిరుగుబాటుకి ఇంకో కారణం కూడా ఉందని బ్రిటిష్ వాళ్లే రాసుకున్నారు. గోదావరి జిల్లా గెజిటీర్‌లో అది ఉంది. మైదానం నుంచి వచ్చిన చిల్లర వ్యాపారులు కొండవాళ్లతో అన్యాయమైన ఒప్పందాలు చేసుకునేవాళ్లు. మాట తప్పారని సివిల్ కోర్టులో దావా వేసేవాళ్లు. కోర్టు ఎక్కడో కింద. అక్కడి భాష, అక్కడి పద్ధతి మనవాళ్లకి తెలియవు. వెళ్లలేకపోతే తీర్పు ఏకపక్షంగా వచ్చేసేది. ఆ కాగితం పట్టుకుని వచ్చి పశువుల్నీ, పంటనీ తోలుకుపోయేవాళ్లు. 5 రూపాయల అప్పుకి 100 రూపాయల సొత్తు పట్టుకుపోయారన్న మాట కూడా అందులో ఉంది.

ఆ రాతల్లో కూడా కొండవాళ్ల "అమాయకత్వం" గురించే ఉంటుంది. కానీ జరిగింది చూడండి. కోర్టు దూరం. కాగితం చదవలేని భాషలో. ఉప్పు కావాలంటే ఆ వ్యాపారి తప్ప ఇంకో దిక్కు లేదు. ఇందులో అమాయకత్వం ఎక్కడుంది? పట్నంలో పుట్టినవాణ్ణి తీసుకెళ్లి తెలియని దేశంలో, తెలియని భాషలో కోర్టుకి పిలిస్తే వాడూ అంతే కదా.

మోసం చేసిన నాలుగు పద్ధతులు

చదివినవీ, విన్నవీ కలిపి చూస్తే నాలుగు పద్ధతులు కనిపించాయి.

మొదటిది దారికాయడం. ముసలోళ్లు చెప్పేది ఏంటంటే, సంతకి ముందే దారి మలుపులో సావుకారు మనుషులు నిలబడేవాళ్లు. చింతపండు కావిడి అక్కడే దించించేవాళ్లు. "సంతలో ధర పడిపోయింది, ఇక్కడే ఇచ్చెయ్యి" అనేవాళ్లు. ఎందుకు? సంతలోకి వెళ్తే పక్కవాడు ఎంతకి అమ్మాడో తెలిసిపోద్ది. నలుగురి కళ్లు ఉంటాయి. దారిలో ఐతే మనం ఒక్కళ్లమే.

రెండోది ముందు డబ్బు. బయానా అనండి, అడ్వాన్స్ అనండి. పండగకి, పెళ్లికి, వానాకాలం తిండికి ముందే చేతిలో పెట్టి, పంట వచ్చాక వాళ్లు చెప్పిన ధరకే ఇవ్వాలని కట్టేసేవాళ్లు. 1941లో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమండార్ఫ్ కూడా, కలప వ్యాపారుల దగ్గర మనవాళ్లు అప్పుల్లో ఎలా చిక్కుకున్నారో రాశాడు. లెక్క పుస్తకం వ్యాపారి దగ్గరే ఉండేది. ఎంత పని చేసినా అప్పు తీరేది కాదు. ఇప్పుడు మనల్ని ముందు డబ్బు కట్టమంటున్నారు, అప్పుడు వాళ్లే ఇచ్చేవాళ్లు. చెయ్యి మారింది గానీ పని ఒకటే. ఒకసారి కొంచెం డబ్బు మధ్యలో పడ్డాక మనిషి వెనక్కి రాలేడు.

మూడోది కొలత. కొనడానికి ఒక కుంచం, అమ్మడానికి ఇంకో కుంచం. ఇది మన దగ్గరే కాదు. 1855లో సిద్దూ, కన్హూ నాయకత్వంలో సంతాలులు హూల్ లేపినప్పుడు వాళ్ల ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఇదొకటి. అక్కడి మహాజనుల దగ్గర రెండు కొలతలు ఉండేవి. ఎక్కువ పట్టేదాన్ని కేనారాం అనేవాళ్లు, దాంతో కొనేవాళ్లు. తక్కువ పట్టేదాన్ని బేచారాం అనేవాళ్లు, దాంతో అమ్మేవాళ్లు. కొలత ఎప్పుడూ వాళ్ల చేతిలోనే.

నాలుగోది కాగితం. కోర్టు డిక్రీ, ప్రామిసరీ నోటు, వేలిముద్ర వేయించుకున్న తెల్లకాగితం. కాగితం చూడగానే మనకి భయమూ గౌరవమూ రెండూ వచ్చేవి. కాగితం మీద ముద్ర ఉంటే నిజమే అనుకునేవాళ్లు.

మనవాళ్లు ఊరుకోలేదు

ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. మోసపోయిన చరిత్ర ఎంతుందో, దాన్ని అడ్డుకున్న చరిత్రా అంతుంది.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. గిరిజనుల దగ్గర ఏడాదికి 24 శాతం కంటే ఎక్కువ వడ్డీ తీసుకోకూడదనీ, అనుమతి లేకుండా వాళ్ల భూమి గిరిజనేతరులకి పోకూడదనీ అందులో ఉంది. ఆ చట్టం ఊరికే రాలేదు, కొండల్లో జరిగిన తిరుగుబాట్ల తర్వాత వచ్చింది. అటు నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయాక, హైమండార్ఫ్‌ని అక్కడికి పంపారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకి శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. రసీదు చదవగలిగినవాణ్ణి మోసం చేయడం కష్టం.

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, పుట్టింది. చింతపండు, తేనె, కుంకుడుకాయ, తపసి జిగురు లాంటివి ముందే ప్రకటించిన ధరకి కొనడం, ఉప్పూ పప్పూ డిపోలో అమ్మడం దాని పని. మధ్యవాడు లేకుండా చేయడానికే దాన్ని పెట్టారు. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీవ్యాపారుల రెగ్యులేషన్ వచ్చింది. ఇవన్నీ పూర్తిగా అమలయ్యాయని మేం అనడం లేదు. ఎక్కడెక్కడ కాలేదో మీ ఊళ్లో మీకే తెలుసు. మేం చెప్పేది ఏంటంటే, ఏ జవాబు చూసినా "నువ్వు తెలివిగా ఉండు" అని ఒక్కడికి చెప్పి ఊరుకున్నది లేదు. కొలత మన చేతికి రావాలి, ధర నలుగురికీ తెలియాలి, కాగితం మనం చదవగలగాలి, ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. అంతే.

ఇప్పుడు లాప్‌టాప్ దగ్గరికి వద్దాం

అవే నాలుగు పద్ధతులు, ఒక్కొక్కటీ చూడండి.

దారికాయడం: "యాప్‌లో వద్దు బ్రో, వాట్సాప్‌కి రా" అంటారు. అదే దారి మలుపు. యాప్‌లో వాడి మీద రిపోర్ట్ కొట్టొచ్చు, పాత మాటలు అక్కడ ఉంటాయి. బయటికి పిలిచినవాడితో బేరం వద్దు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, పది నిమిషాల్లో చెప్పు" అంటే ఇంకా వద్దు. సావుకారు కూడా కావిడి దించాక ఆలోచించుకోనిచ్చేవాడు కాదు.

ముందు డబ్బు: వస్తువు చేతిలోకి రాకుండా ఒక్క రూపాయి వేయకండి. బుకింగ్, గేట్ పాస్, కొరియర్, టాక్స్, పేరు ఏదైనా ఒకటే. "తిరిగి వస్తుంది" అన్న డబ్బు తిరిగి రాదు. ఇంకోటి బాగా గుర్తుపెట్టుకోండి: యూపీఐ పిన్ డబ్బు పంపడానికి కొట్టేది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. రీఫండ్ ఇస్తాను పిన్ కొట్టు అంటే వాడు దొంగ.

కొలత: లాప్‌టాప్‌కి కుంచం అంటే లోపల ఏముందో చూడడం. బయట ఐ7 స్టిక్కర్ అంటించడం పది రూపాయల పని. ఆన్ చేసి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కితే ప్రాసెసర్ పేరు, ర్యామ్, డిస్క్ అన్నీ కనిపిస్తాయి. ఇంటెల్ అయితే ఐ5 తర్వాత వచ్చే నంబర్ చూడండి. 4300 అంటే నాలుగో తరం, 8250 అంటే ఎనిమిదో తరం. ఎనిమిదో తరం కంటే పాతవాటికి, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. "ఐ5, సూపర్ కండిషన్" అని మాత్రమే రాసి తరం రాయనివాడు చిన్న కుంచం పట్టుకున్నవాడే. బ్యాటరీ కూడా చూడాలి. చార్జర్ తీసేసి అరగంట వీడియో నడపండి, ఎంత శాతం పడిపోయిందో తెలుస్తుంది. కీబోర్డులో అన్ని అక్షరాలూ కొట్టి చూడండి. కెమెరా, స్పీకర్, వైఫై, యూఎస్‌బీ పెట్టే చోట్లు అన్నీ చూడండి. మొహమాటపడకండి. డబ్బు మనది.

కాగితం: ఐడీ కార్డు ఫోటో, బిల్లు ఫోటో ఎవరైనా తయారుచేస్తారు. ఆర్మీ కార్డు పంపాడంటే నమ్మకం పెరగకూడదు, అనుమానం పెరగాలి. అసలు సైనికుడు తెలియనివాడికి తన కార్డు ఎందుకు పంపుతాడు? బిల్లులో ఉన్న సీరియల్ నంబర్, లాప్‌టాప్ అడుగున ఉన్న నంబర్ ఒకటేనా చూడండి. ఆ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే మోడల్, వారంటీ వస్తాయి. ఆఫీసుల నుంచి వచ్చిన మిషన్లు కొన్ని లాక్ అయి ఉంటాయి. కాబట్టి అమ్మేవాడి ముందే రీసెట్ చేయించి, ఇంటర్నెట్ కలిపి మొదలుపెట్టండి. "ఇది ఫలానా సంస్థది, లాగిన్ అవ్వండి" అని వస్తే అక్కడే వదిలేయండి. బిల్లు లేని వస్తువు దొంగిలించింది కూడా కావచ్చు, రేపు పోలీసులు వస్తే మన పేరే రాస్తారు.

రీఫర్బిష్డ్ లాప్‌టాప్‌లు అన్నీ మోసమని కాదు. బిల్లు, కొన్ని నెలల వారంటీ, వెనక్కి ఇచ్చే గడువు రాసి ఇచ్చే షాపులు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొంటే ఓపెన్ బాక్స్ డెలివరీ ఉందేమో చూడండి. డబ్బా విప్పి చూశాకే ఓటీపీ చెప్పండి. అది లేకపోతే సీలు విప్పకముందు నుంచే వీడియో తీయండి.

కొనడానికి ఒక్కళ్లే వెళ్లొద్దు. సంతకి మనవాళ్లు గుంపుగా దిగేవాళ్లు, ఊరికే కాదు.

మోసపోతే

వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. బ్యాంకుకీ చెప్పండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారిపోకముందే చెప్తే ఆపే అవకాశం ఉంటుంది. షాపు, కంపెనీ మోసమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాట్, నంబర్, పేమెంట్ స్క్రీన్‌షాట్ ఏదీ డిలీట్ చేయొద్దు.

మా రూమ్ వాడి డబ్బు రాలేదు. ఆరు రోజులు ఆగాడు కదా. వాణ్ణి ఆపింది ఆ మోసగాడు కాదు, "అమాయకుడు" అంటారన్న భయం. 140 ఏళ్ల కిందట కొండ మీద వాళ్లకి తగిలించిన మాట, హాస్టల్ రూమ్‌లో ఒకడి నోరు మూయించింది. అందుకే ఇదంతా రాశాం. మోసపోవడం సిగ్గు కాదు. ఈ మోసాలకి పెద్ద చదువులు చదివినవాళ్లూ, పట్నంలో పుట్టినవాళ్లూ పడుతున్నారు, వాళ్లని ఎవరూ అమాయకులు అనరు.

ఇప్పుడు వాడి టేబుల్ మీద లాప్‌టాప్ ఉంది. ఎనిమిదో తరం, సెకండ్ హ్యాండ్, షాపు బిల్లుతో. మేం ముగ్గురం వాడితో వెళ్లాం. షాపువాడు విసుక్కున్నా గంటన్నర కూర్చుని అన్నీ చూశాం. మిగతా డబ్బు రూమ్‌లో తలా కొంచెం వేసి సర్దాం, వాడు నెలనెలా తిరిగి ఇస్తున్నాడు. వడ్డీ లేదు.

మీలో ఎవరైనా కొనేముందు ఆ ప్రకటన ఈ గ్రూప్‌లో పెట్టండి, తెలిసిన అన్నలు అక్కలు చూసి చెప్తారు. ఇప్పటికే మోసపోయినవాళ్లు ఉంటే కామెంట్‌లో చెప్పండి, ఎవరూ నవ్వరు. ఎవరైనా నవ్వితే ఈ పోస్ట్ చూపించండి.

జై ఆదివాసీ.