పప్పులో పసుపు

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతము పసుపు పంటకు పేరుగాంచినది. అచ్చటి రైతులు దుంపలను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి అమ్మకమునకు పంపుదురు. ఉడికించినందువలన దుంపలోని పచ్చివాసన తగ్గును. రంగు లోపలంతట సమముగా వ్యాపించును. దుంప త్వరగా ఎండును. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమయ్యెను. ఇంత విలువగల ఈ సరకు మన భోజనమునకు చేయు మేలేమి? అది మందా, రుచియా?

వంటలో పసుపు వాడుక మిక్కిలి ప్రాచీనమైనది. హర్యానాలోని ఫర్మానా వద్ద బయల్పడిన హరప్పా నాగరికత కాలపు వంటపాత్రలను, మానవ దంతములను శాస్త్రజ్ఞులు పరిశీలించి, వానిలో పసుపు, అల్లముల పిండికణములను గుర్తించిరి. వాని వయస్సు 4,000 సంవత్సరములకు పైమాటే. పప్పు, ఆకుకూరలు బలవర్ధకములైనను ఉత్తగా ఉడికించిన చప్పగా ఉండును. అట్టి వంటకమునకు పసుపులోని సుగంధ తైలము కమ్మదనమును, రంగుపదార్థము కంటికింపైన ఛాయను ఇచ్చును. మోతాదు మించినచో మాత్రము చేదగును.

ఆ రంగుపదార్థమును 1815లో వోగెల్, పెల్లెటియే అను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. దానికి కర్కుమిన్ అని పేరు. 1870లో డౌబె దానిని స్ఫటికరూపమున పొందెను. దాని అణునిర్మాణము తేలుటకు మొదటి ప్రయత్నమునుండి 95 సంవత్సరములు పట్టెను: 1910లో మిలోబెడ్జ్‌కా, కొస్టానెట్‌స్కీ, లాంపె అనువారు దానిని నిర్ణయించిరి. 1913లో ప్రయోగశాలలోనే దాని తయారీ సాధ్యమయ్యెను.

కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరగును. దీనిని తరగతిలోనే చూడవచ్చును. ఒక గాజుగొట్టములో నీరు, మరొక దానిలో నూనె పోసి, చిటికెడు చొప్పున పసుపు వేసి కలిపి, కొంతసేపు కదల్చక ఉంచవలెను. నీటిలో పొడి చాలవరకు అడుగున చేరును, నూనె పచ్చబడును. పోపులో పసుపు వేయు మన వంటవారి అలవాటులోని యుక్తి ఇదియే.

కర్కుమిన్ రక్తములో చేరుట కూడ కష్టమే. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్కుమినుతో 20 మిల్లీగ్రాముల మిరియాల సారమైన పైపరీనును ఇచ్చి చూచిరి. రక్తములో చేరు కర్కుమిను సుమారు 20 రెట్లు పెరిగెను.

అయితే ఇచ్చట లెక్క చూడవలెను. పసుపులో కర్కుమిను సుమారు నూటికి 3 పాళ్లు. 2 గ్రాముల కర్కుమినుకు 65 గ్రాములకు మించి పసుపు కావలెను. ఒక గ్రాము పసుపు వేసిన పప్పులో ఉండునది 30 మిల్లీగ్రాములే. పైగా 2017లో వెలువడిన ఒక శాస్త్ర సమీక్ష, కర్కుమిను రోగములను నయము చేయునని నిశ్చయముగా చూపిన పరీక్షలు లేవని తేల్చినది. కావున కూరలోని పసుపును ఔషధమని నమ్మి వైద్యమును మానరాదు.

రంగును చూచి మోసపోరాదు కూడ. పసుపు మరింత పచ్చగా కనబడుటకై బంగ్లాదేశ్‌లో సీసపు క్రోమేటును కలుపుచున్నట్లు 2019లో ప్రకటింపబడిన పరిశోధనలు వెల్లడించెను. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. మిక్కిలి మెరయు పసుపును కొనకుండుట మేలు.

పప్పును, ఆకుకూరను పిల్లలు ఇష్టముతో తినునట్లు చేయుటయే వంటలో పసుపు చేయు నిజమైన మేలు. తినని ఆహారములోని పోషకములు ఎవరికిని బలమీయవు గదా!